ప్రాణవాయువుకూ మోతాదు ఉంది

ఈ వారం తెనాలి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం నా ముందుంది. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. సంగతి ఇది. ఆవిడ భర్తకు పదిహేనేళ్ళుగా మధుమేహం. కుడికాలి బొటనవేలి కింద పుండుపడి నాలుగు నెలలైనా మానలేదు. ఎముకదాకా దిగిందని ఎక్స్‌రేలో తేలింది. చూస్తున్న సర్జన్‌గారు మందులూ కట్లూ సాగిస్తూనే, హైపర్‌బారిక్ ఛాంబర్‌లో ముప్పై సార్లు ప్రాణవాయువు వైద్యం చేయిస్తే కాలు దక్కే అవకాశం పెరగవచ్చునన్నారు. ఇంతలో, కొత్తగా పెళ్ళయిన కొడుకూ కోడలూ అండమాన్ వెళ్ళి సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తామని టిక్కెట్లు కొనుక్కున్నారు. ఆ కుర్రవాడే ఎక్కడో చదివి వచ్చి, లోతుకు పోతే ఆక్సిజన్ విషమవుతుందనీ, ఫిట్స్ వచ్చి మునిగిపోతారనీ ఇంట్లో చెప్పాడట. దాంతో పెద్ద గలాటా. "కొడుక్కి విషమైనది తండ్రికి మందెలా అవుతుంది డాక్టరుగారూ? వీళ్ళ తాతగారికి మోకాలి కింద కాలు తీసేయడం మావారు చిన్నప్పుడు కళ్ళారా చూశారు. అందుచేత ఆపరేషన్ అన్నా వణుకుతున్నారు, ఇప్పుడు ఛాంబర్ అన్నా వణుకుతున్నారు. పంపమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

అమ్మా, ముందు మీ రెండు భయాలకూ క్లుప్తంగా జవాబు చెప్పి, తర్వాత తీరిగ్గా వివరిస్తాను. మీ అబ్బాయీ కోడలూ గైడు చెయ్యి పట్టుకుని పది పన్నెండు మీటర్ల లోతున చేసే డైవింగ్‌లో ప్రాణవాయువు విషమయ్యే ప్రమాదం లేదు. వేరే ప్రమాదాలున్నాయి, వాటి సంగతి వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మీవారికి ఛాంబర్‌లో ఆ ప్రమాదం ఉన్నది, కాని బహు స్వల్పం. వచ్చినా పట్టుకునేందుకు పక్కన మనిషి ఉంటాడు. చూశారా, మీరు భయపడినదానికి తలకిందులుగా ఉంది వ్యవహారం!

ప్రాణవాయువు పేరులోనే ప్రాణం ఉంది కనుక ఎంత పీలిస్తే అంత మంచిదని మనలో చాలామంది నమ్మకం. 2021 మే నెలలో సిలిండరు కోసం రోడ్లవెంట పరుగులు తీసిన కుటుంబాలకు ఆ నమ్మకం మరీ బలపడి ఉంటుంది. తప్పులేదు, ఆ రోజుల్లో అది నిజంగా ప్రాణమే. కాని పారాసెటమాల్‌కు మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది. ఈ అనుమానం మొదట వచ్చింది, ప్రాణవాయువును కనిపెట్టినవారిలో ఒకడైన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్లీకే. 1775 ప్రాంతంలో ఆ వాయువును తాను పీల్చి చూసి, హాయిగా ఉందని రాస్తూనే, అందులో కొవ్వొత్తి తొందరగా కరిగిపోయినట్టు మనిషీ తొందరగా కరిగిపోతాడేమోనని శంకించాడు. వంద సంవత్సరాల తర్వాత, 1878లో, ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ ఒత్తిడితో కూడిన ప్రాణవాయువులో పక్షులకూ జంతువులకూ మూర్ఛలు వచ్చి చనిపోవడం చూపించాడు. 1899లో లోరెయిన్ స్మిత్ అనే బ్రిటిష్ వైద్యుడు, మూర్ఛ తెప్పించనంత తక్కువ ఒత్తిడిలో కూడా గంటల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు వాచిపోతాయని కనుగొన్నాడు. అంటే విషం రెండు చోట్ల పనిచేస్తుందన్నమాట: ఎక్కువ మోతాదు కొద్దిసేపు అయితే మెదడు మీద, ఓ మోస్తరు మోతాదు చాలాసేపు అయితే ఊపిరితిత్తుల మీద.

ఎందుకిలా? మన ఒంట్లో ప్రాణవాయువు వాడకం పొయ్యి మండటం వంటిది. మంటతోపాటు కొన్ని నిప్పురవ్వలు ఎగురుతాయి. వీటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. మామూలుగా ఎగిరే రవ్వలను ఆర్పడానికి ప్రతి కణంలోనూ ఎంజైములు కాపలా ఉంటాయి. రవ్వలు మరీ ఎక్కువైతే కాపలాదార్లకు చెయ్యాడదు. అప్పుడు కణాల పొరలు కాలుతాయి.

ఇప్పుడు మోతాదు లెక్క చూద్దాం. ఇది కాస్త ఓపికగా చదవండి, మిగిలినదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. ప్రాణవాయువు మోతాదును శాతంలో కొలిస్తే చాలదు, పీడనంలో కొలవాలి. మనం పీల్చే గాలిలో అది 21 శాతం. నేలమీద గాలి పీడనాన్ని ఒకటి అనుకుంటే, అందులో ప్రాణవాయువు వాటా 0.21. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ మరొక వాతావరణమంత ఒత్తిడి వచ్చి చేరుతుంది. పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై మీటర్ల దగ్గర మూడు. నలుగురు కూర్చునే షేర్ ఆటోలో ఎనిమిది మందిని కుక్కినట్టు, పది మీటర్ల లోతులో ఒక్క శ్వాసలో రెట్టింపు గాలి కుక్కుకుని వస్తుంది. శాతం మారదు, ఆటోలో మగవారూ ఆడవారూ సగం సగమే. కాని మనుషులు రెట్టింపు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు సరిదిద్దాలి. డైవింగ్ చేసేవారి వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండరు అని పత్రికలు రాస్తాయి, సినిమాల్లో అంటారు, ఆఖరికి టిక్కెట్లమ్మే ఏజెంటు కూడా అంటాడు. కాదు. అందులో ఉండేది మనం ఇంట్లో పీల్చే గాలే, శుభ్రపరిచి, ఒత్తి నింపినది. మీ అబ్బాయి పన్నెండు మీటర్లు దిగితే అతని ప్రాణవాయువు మోతాదు 0.46. సరదా డైవింగ్‌కు గరిష్ఠంగా చెప్పే నలభై మీటర్లు దిగినా 1.05. డైవర్లు ప్రమాద రేఖగా పెట్టుకున్నది 1.4, ఏ శ్రమా లేకుండా ఆగి ఉన్న సమయంలో మాత్రం 1.6 దాకా ఒప్పుకుంటారు. గాలి పీలుస్తూ 1.4 చేరాలంటే 56 మీటర్లు దాటాలి. అక్కడికి మీ అబ్బాయి పోడు, పోనివ్వరు.

మరి ఆ భయం ఎక్కడిది? శుద్ధమైన ప్రాణవాయువు పీల్చేవారికి ఈ లెక్క తారుమారవుతుంది. ఆరంటే ఆరు మీటర్ల లోతులోనే 1.6 వచ్చేస్తుంది. ప్రాణవాయువు పాలు 32 శాతానికి పెంచిన నైట్రాక్స్ అనే మిశ్రమం వాడేవారు 33 మీటర్లు దాటకూడదు. లోతుకూ సిలిండరుకూ పొంతన కుదరక ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనుభవజ్ఞులైన డైవర్లలోనే ఉన్నారు. అందుకే నైట్రాక్స్ నేర్పేచోట, ప్రతి డైవర్ తన సిలిండరులో ఎంత శాతం ఉందో మీటరు పెట్టి తానే కొలుచుకుని, దాని మీద రాసి సంతకం పెట్టాలంటారు. మన మెడికల్ షాపుల్లో స్ట్రిప్పు మీద తేదీ చూసుకునే అలవాటు కూడా లేనివారం, ఈ పద్ధతి మెచ్చుకోవలసిందే.

ఈ హద్దులు ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ, బ్రిటన్ నౌకాదళాల కప్పమనుషులు బుడగలు పైకి రాకుండా ఉండాలని శుద్ధమైన ప్రాణవాయువు పీల్చే పరికరాలు వాడారు. బ్రిటిష్ నౌకాదళంలో డైవర్లు ఉన్నట్టుండి స్పృహతప్పిపోతూంటే, కెన్నెత్ డొనాల్డ్ అనే వైద్యుడు 1942 నుంచి 1945 వరకు, సైనికులే వాలంటీర్లుగా, వందలకొద్దీ పరీక్షలు చేశాడు. నీళ్ళ తొట్టి అడుగున ఆక్సిజన్ పీట్ అనే దెయ్యం కూర్చుని ఉండి, ఆలస్యం చేసినవాణ్ణి పట్టుకుంటుందని ఆ కుర్రాళ్ళు హాస్యమాడుకునేవారట. ఆయన చూపించిన విషయాల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇది: 70 అడుగుల లోతుకు సమానమైన ఒత్తిడిలో ఒకే మనిషిని మూడు నెలలపాటు మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తే, ఒకరోజు 7 నిమిషాలకే లక్షణాలు వచ్చాయి, మరొక రోజు 148 నిమిషాల దాకా రాలేదు. అదే మనిషి, అదే లోతు, అదే వాయువు. అంచేత "నిన్న నాకేం కాలేదు" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. శుద్ధ ప్రాణవాయువుతో 25 అడుగులు దాటి దిగడం జూదమని ఆయన తేల్చాడు.

ఆ కాలంలోనే ఈ పరీక్షలు తనమీద తానే చేసుకున్న మరొక పెద్దమనిషి మన దేశానికి చెందినవాడే అనవచ్చు. జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది పోయినప్పుడు, లోపలివారు ఎలా చనిపోయారో తెలుసుకోవడానికి తానే ఛాంబర్లలో కూర్చున్నాడు. తర్వాతి పరీక్షల్లో ప్రాణవాయువు వల్ల మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతిని, ఆ నొప్పి జీవితాంతం భరించాడు. 1957లో ఇండియాకు వచ్చి, పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామి చూసి వచ్చిన పిల్లలకు ఈయన కథ కూడా చెప్పవచ్చు.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. డైవరుకు 1.4 దాటవద్దంటాం. పుండ్లకు ఛాంబర్‌లో 2.0 నుంచి 2.5 దాకా ఇస్తాం. నత్రజని బుడగలు కట్టిన డైవర్లకే వైద్యం చేసేటప్పుడు 2.8 కూడా ఇస్తాం. ఇదేమి న్యాయం?

న్యాయం ఉంది. డొనాల్డ్ పరీక్షల్లోనే తేలిన విషయం, పొడి ఛాంబర్‌లో తట్టుకున్నంత మోతాదు మనిషి నీళ్ళలో తట్టుకోలేడని. ఈదేవాడు శ్రమపడతాడు. ఇరుకు గొట్టంలోంచి ఊపిరి తీస్తాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మామూలుగా ప్రాణవాయువు ఎక్కువైతే మెదడులోని రక్తనాళాలు కుంచించుకుని, మోతాదు మించకుండా కాస్త అడ్డుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు వాటిని మళ్ళీ విప్పేస్తుంది. అంటే గుమ్మంలో కాపలా నిలబడ్డవాణ్ణి లాగేసి తలుపులు బార్లా తెరిచినట్టు. ఛాంబర్‌లో రోగి మంచం మీద పడుకుని, పొడి బట్టల్లో, ఏ శ్రమా లేకుండా ఉంటాడు. పైగా ఎడతెరిపి లేకుండా పీల్చనివ్వరు. ఇరవై ముప్పై నిమిషాలకోసారి మాస్కు తీసి ఐదు పది నిమిషాలు మామూలు గాలి ఇస్తారు. ఆ విరామంలో కణాల్లోని కాపలాదార్లు ఊపిరి పీల్చుకుంటారు. చిన్న ఉపాయమే గాని, మూర్ఛల సంఖ్యను బాగా తగ్గించింది.

వీటన్నిటికన్నా పెద్ద తేడా మరొకటి. ప్రాణవాయువు తెప్పించిన మూర్ఛ తనంతట తాను మనిషిని చంపదు. ఛాంబర్‌లో వస్తే మాస్కు తీసేస్తారు, పక్కకు తిప్పుతారు, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. అది మూర్ఛరోగంగా స్థిరపడదు. కొన్ని వేల సార్లు వైద్యం చేస్తే ఒకసారి కనబడే సంగతి ఇది. అదే మూర్ఛ నీటి అడుగున వస్తే నోట్లోని గొట్టం జారిపోతుంది, నీళ్ళు మింగి మనిషి మునిగిపోతాడు. పెదవులు అదరడం, చెవుల్లో హోరు, చూపు చుట్టూ కుదించుకుపోవడం, వికారం, చిరాకు, తలతిప్పు ముందుగా రావచ్చునని పుస్తకాల్లో ఉంటుంది. రావచ్చు, రాకపోవచ్చు. చాలాసార్లు హెచ్చరిక లేకుండానే మూర్ఛ వస్తుంది. నడిచే దారిలో జారిపడటం వేరు, మేడ అంచున జారిపడటం వేరు. జారడం ఒకటే.

ఛాంబర్ ఏం చేస్తుందో కూడా చెప్పాలి. ఆరోగ్యవంతుడి రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు గాలితోనే దాదాపు నిండిపోయి ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 97, 98 చూశారు గదా! ఇంకా నింపడానికి జాగా లేదు. కాని ఒత్తిడి పెంచితే ప్రాణవాయువు రక్తపు నీటిలోనే సోడాలో గ్యాసు కరిగినట్టు కరుగుతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో 0.3 మిల్లీలీటరు మాత్రమే అలా కరిగి ఉంటుంది. మూడు వాతావరణాల ఒత్తిడిలో శుద్ధ ప్రాణవాయువు పీలిస్తే 6 మిల్లీలీటర్ల దాకా పోతుంది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బోరెమా, పందిపిల్లల ఒంట్లోంచి ఎర్రకణాలు దాదాపు పూర్తిగా తీసేసి కూడా ఛాంబర్‌లో వాటిని బతికించి చూపాడు. సన్నని రక్తనాళాలు పూడుకుపోయి ఆకలితో మాడుతున్న పుండు చుట్టుపక్కల కండకు ఈ కరిగిన ప్రాణవాయువు చేరుతుంది. కొత్త నాళాలు మొలవడానికీ, తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికీ సాయపడుతుంది.

అయితే అమ్మా, ఇది మంత్రదండం కాదు. స్వీడన్‌లో 2010లో ప్రచురించిన పరీక్షలో ఛాంబర్ వైద్యం పొందిన మధుమేహ పుండ్లు ఎక్కువ శాతం మానాయి. నెదర్లాండ్స్‌లో 2018లో ప్రచురించిన మరొక పరీక్షలో, రక్తప్రసారం తగ్గిన కాళ్ళను దక్కించడంలో గట్టిగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. చాలామంది అన్ని రోజులూ రాలేక మధ్యలో మానేశారు కూడా. నా అభిప్రాయం అడిగితే ఇది వరసలో నాలుగోదో అయిదోదో. మొదటిది కాలికి రక్తం సరిగా వస్తున్నదో లేదో డాప్లర్ పరీక్షతో చూడటం. పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే దాన్ని తెరవకుండా ఛాంబర్‌లో ఎన్ని రోజులు పడుకోబెట్టినా పొలానికి కాలువ తవ్వకుండా వాన కోసం చూసినట్టే. రెండు, కుళ్ళిన కండా ఎముకా తీసి శుభ్రం చేయడం, చీముకు తగిన మందు వేయడం. మూడు, ఆ పాదం మీద బరువు పడకుండా చూడటం. ప్రభుత్వాసుపత్రిలో మధుమేహ పాదాలు చూస్తూ నేను అన్నిటికన్నా ఎక్కువగా మొత్తుకునేది దీనికోసమే. కట్టు కట్టించుకుని, అదే కాలితో గుడికి ప్రదక్షిణలు చేసి వస్తారు! చక్కెర అదుపు, సిగరెట్టు మానడం సరేసరి. ఇవన్నీ సాగుతున్నా నెలలో పుండు తగ్గుముఖం పట్టకపోతే, ఎముకదాకా దిగి ఉంటే, అప్పుడు ఛాంబర్ సలహా సబబైనదే. మీ సర్జన్‌గారు అడ్డదారి చెప్పలేదు. డాప్లర్ చేశారో లేదో మాత్రం అడగండి. చేసి ఉంటే పంపండి.

పంపేముందు తెలుసుకోవలసినవి. ఇది రోజూ గంటన్నర నుంచి రెండు గంటల పని, వారానికి ఐదారు రోజులు, ఐదారు వారాలు. ఛాంబర్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. తెనాలి నుంచి రోజూ ఆ కాలితో బస్సెక్కి తిరగడం కుదరదు. బంధువుల ఇంట్లోనో ఎక్కడో మకాం చూసుకోవాలి. మధ్యలో మానేస్తే డబ్బూ శ్రమా రెండూ దండగ. ముందుగా ఛాతీ ఎక్స్‌రే, చెవి పరీక్ష చేస్తారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే, దాన్ని తీసేదాకా ఛాంబర్ ఎంతమాత్రం పనికిరాదు. వెనుక ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, ప్రస్తుతం జ్వరం ఉన్నా, క్యాన్సర్ మందులు వాడి ఉన్నా, పాత ఆస్తమా ఉన్నా దాచకుండా చెప్పాలి. జ్వరంలో మూర్ఛ ప్రమాదం పెరుగుతుంది. ఛాంబర్‌లో చక్కెర పడిపోవచ్చు. చక్కెర పడిపోయినా మూర్ఛ వస్తుంది, అది ప్రాణవాయువు మూర్ఛలాగే కనబడుతుంది. అంచేత మీవారు ఇన్సులిన్ వేసుకుని టిఫిను మానేసి పోకూడదు. లోపలికి వెళ్ళేముందు వేలు గుచ్చి చక్కెర చూశారో లేదో మీరే అడగండి.

చెవి నొప్పే అందరికన్నా ఎక్కువగా వచ్చే బాధ. విమానం దిగేటప్పుడు చేసినట్టు ముక్కు మూసి మెల్లగా ఊదడం ముందే నేర్పిస్తారు. కొన్ని వారాలకు దూరపు చూపు మసకబారవచ్చు. కంగారుపడి కొత్త కళ్ళజోడు కొనకండి. వైద్యం అయిపోయాక సాధారణంగా కొద్దివారాల్లో మునుపటికి వస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది నిప్పు సంగతి. ప్రాణవాయువు తాను మండదు, కాని నిప్పురవ్వను క్షణంలో మంటగా చేస్తుంది. 1997 అక్టోబరు 31న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆసుపత్రి ఛాంబర్‌లో నిప్పు లేచి పదకొండు మంది చనిపోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ఒక ప్రైవేటు కేంద్రంలో ఛాంబర్ అంటుకుని ఐదేళ్ళ బాలుడు పోయాడు. అందుకే వారిచ్చే నూలు బట్టలే కట్టుకోవాలి. తలకు నూనె, ముఖానికి క్రీము, ఒంటికి సెంటు, విభూతి పొట్లం, సెల్‌ఫోను, వినికిడి యంత్రం, చేతి వాచీ, పాలిస్టరు లుంగీ ఏవీ పనికిరావు. మన ఇళ్ళలో పెద్దవారికి తలకు కొబ్బరినూనె లేనిదే గడప దాటే అలవాటు లేదు. ఆ అయిదారు వారాలూ మానిపించండి. ఏ కేంద్రమైనా ఈ సోదా చేయకుండా "ఫరవాలేదు, రండి" అంటే, అక్కడినుంచి వెనక్కి తిరిగి రండి.

ఇంకొక మాట. ఇటీవల గాలి నింపిన గుడారాల వంటి మెత్తని ఛాంబర్లు పెట్టి, వయసు తగ్గుతుందనీ, జుట్టు మొలుస్తుందనీ, పిల్లల ఆటిజం నయమవుతుందనీ ప్రచారం చేస్తున్నారు. వాటిలో ఒత్తిడి 1.3 మాత్రమే. ఆ రోగాలకు ఈ వైద్యం పనిచేస్తుందని రుజువు కాలేదు. గాలి బుడగల జబ్బు, బొగ్గుపొగ విషం, గ్యాస్ గాంగ్రీన్, రేడియేషన్ వల్ల చెడిన కండ, మానని మధుమేహ పుండ్లు వంటి కొన్నిటికే పెద్ద ఛాంబర్ల వాడకం.

ఇహ మీ అబ్బాయి, కోడలి సంగతి. ప్రాణవాయువు భయం తీసేసి ఈ మూడు భయాలు పెట్టుకోమనండి. మొదటిది, పైకి వచ్చేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపిరి బిగపట్టకూడదు. పది మీటర్ల కింద ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. బయటకు పోనివ్వకపోతే ఊపిరితిత్తి చిట్లి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు పోతాయి. ఈత కొలనులో నాలుగు అడుగుల లోతున కూడా ఇలా జరిగిన దాఖలాలున్నాయి. రెండోది, జలుబుతో దిగకూడదు. చెవి పట్టేస్తే అక్కడే ఆగి, గైడుకు సైగ చేయాలి. బింకానికి పోతే కర్ణభేరి పగులుతుంది. మూడోది, అక్కడ సంతకం పెట్టమని ఇచ్చే ఆరోగ్య పత్రంలో అన్నిటికీ లేదు లేదని టిక్కు పెట్టేయకూడదు. ఆస్తమా, ఫిట్స్, గుండెజబ్బు, పాత క్షయ, చెవి ఆపరేషన్, గర్భం, వీటిలో ఏది ఉన్నా నిజం రాయాలి. కోడలికి నెల తప్పిందన్న అనుమానం ఉంటే ఆమె పడవలో కూర్చుని చూడటమే మంచిది. డబ్బు కట్టేశాం గదా అని మాత్రం దిగవద్దు.

ఇదే విషయం మీద వచ్చిన మరి మూడు ఉత్తరాలకు జవాబులు.

నంద్యాల పాఠకుడికి: డైవింగ్ చేసిన సాయంత్రమే విమానం ఎక్కకూడదు. ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు గడవాలి. కీళ్ళనొప్పులు, తిమ్మిర్లు, విపరీతమైన అలసట, తలతిప్పు వస్తే తిండి పడలేదని సరిపెట్టుకోక వెంటనే డాక్టరుకు చూపి, డైవింగ్ చేశానని తప్పక చెప్పండి. అక్కడ చికిత్స ప్రాణవాయువే, ఛాంబరే.

ఖమ్మం నుంచి రాసిన అమ్మాయికి: మీ నాన్నగారికి చుట్టల వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు చాలాకాలంగా ఉందన్నారు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టి, ఆక్సీమీటరు 99 చూపేదాకా తిప్పుతున్నామన్నారు. తిప్పకండి. ఆ జబ్బున్నవారికి 88 నుంచి 92 చాలు. అంతకు మించితే బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తులోకి జారిపోవచ్చు. పగలు మగతగా ఉంటున్నారని మీరే రాశారు. రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, యంత్రం ఎంతలో పెట్టారో చెప్పండి.

శ్రీకాకుళం బాలింతకు: ఏడో నెలలో పుట్టి, 1,400 గ్రాముల బరువుతో రెండు వారాలు ఆక్సిజన్ మీద ఉన్న మీ పాప ఇప్పుడు హాయిగా పాలు తాగుతున్నందుకు సంతోషం. ఆ ఆక్సిజన్ లేకపోతే బిడ్డ దక్కేది కాదు, కనుక ఇచ్చినవారిని తప్పుపట్టకండి. కాని నెలలు నిండని పిల్లలకు అది కంటి వెనుక పొరలో పిచ్చి రక్తనాళాలు మొలిపించవచ్చు. 1940లలో, 1950లలో పాశ్చాత్య దేశాల్లో దీనివల్ల వేలమంది పిల్లలు గుడ్డివారయ్యాకగాని కారణం తెలియలేదు. రెండు కిలోల లోపు బరువుతోగాని, 34 వారాలు నిండకుండాగాని పుట్టిన ప్రతి బిడ్డకూ, పుట్టిన 30 రోజుల లోపల రెటీనా పరీక్ష చేయించాలి. పైకి కన్ను బాగానే కనబడుతుంది, అమ్మమ్మ చెప్పినట్టు దీపం వైపు చూస్తుంది కూడా; దానితో తృప్తిపడకండి. మీ పాపకు ఇరవై ఆరో రోజు అన్నారు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి గడువు దాటవచ్చునని మీకు విడిగా ఉత్తరం రాశాను. అది అందకపోయి ఉంటే, ఇది చదివిన పూటే డిశ్చార్జి కాగితం తీసుకుని విశాఖపట్నంలో పిల్లల రెటీనా చూసే డాక్టరు దగ్గరకు బయలుదేరండి.